కార్తేజ్ రాబడి తెగిన తర్వాత: అమలాపురంలో రోమన్ సామ్రాజ్య పతనం తరగతులపై సమీక్ష

అమలాపురంలోని ఒక ప్రైవేటు పఠనాలయం వారు ఏటా దసరా వెళ్లాక మొదలుపెట్టి సంక్రాంతికి ముందు ముగించే ఆదివారపు చరిత్ర తరగతులకు ఈసారి ఎంచుకున్న అంశం పశ్చిమ రోమన్ సామ్రాజ్య పతనం. పాఠం చెప్పినవారు డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి పదవీ విరమణ చేసిన పెద్దాయన. అక్కడ అందరూ ఆయనను మాస్టారు అనే పిలుస్తారు కనుక నేనూ అలాగే రాస్తాను. రుసుము మనిషికి ఆరు వందల రూపాయలు. అచ్చువేసిన తెలుగు పాఠ్యపత్రాలు, గోడకు తగిలించుకోదగిన ఒక పెద్ద పటం అందులోనే వస్తాయి. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ముందుగానే చెబుతున్నాను: చేరండి. పటంలో తప్పులున్నాయి, హాలు సౌకర్యంగా లేదు, తూర్పు సామ్రాజ్యానికి దక్కవలసినంత సమయం దక్కలేదు. అయినా రోమ్ ఎందుకు పడిపోయిందన్న ప్రశ్నను ఇంత ఓపికగా, ఇంత స్పష్టమైన తెలుగులో విడమరిచి చెప్పిన చోటు మన డెల్టాలో నాకు మరొకటి కనిపించలేదు.

మనలో చాలామందికి ఈ విషయం బడిలో ఒక్క వాక్యంగా పరిచయమైంది: ఆటవిక తెగల దండయాత్రల వల్ల 476లో రోమ్ పతనమైంది. పరీక్షలో మార్కు రావడానికి ఆ వాక్యం సరిపోతుంది గాని, అయిదు వందల ఏళ్లు మధ్యధరా తీరమంతా ఏలిన వ్యవస్థ ఎలా విడిపోయిందో అది ఏమీ చెప్పదు. మరోవైపు కారణాలకు కొదవ లేదు. అలెగ్జాండర్ డెమాంట్ అనే జర్మన్ చరిత్రకారుడు అంతవరకు పండితులు చెప్పిన కారణాలన్నిటినీ పోగుచేసి 1984లో ప్రకటించినప్పుడు అవి 210 తేలాయి. వాటిలో క్రైస్తవం ఉంది, సీసపు విషం ఉంది, సామూహిక స్నానశాలలు కూడా ఉన్నాయి. మాస్టారు మొదటి ఆదివారం ఆ సంఖ్యను పలక మీద రాసి, తాను అన్నిటినీ చెప్పబోవడం లేదని, ఒక్క ప్రశ్నను పట్టుకుని చివరిదాకా వెళతానని చెప్పారు. ఆ ప్రశ్న: సరిహద్దున కాపలా ఉన్న సైనికుడికి జీతం ఎక్కడినుంచి వచ్చేది, అది ఎప్పుడు, ఎందుకు ఆగిపోయింది? ఈ తరగతుల బలమంతా ఈ ఎంపికలోనే ఉంది. దీనివల్ల కొన్ని విషయాలు మరుగున పడ్డాయి, వాటి గురించి తర్వాత రాస్తాను. కాని వందేళ్ల గందరగోళంలో వినేవాడికి ఒక దారి దొరికింది.

మొదటి రెండు పాఠాలు పన్నుల మీదే సాగాయి. పన్నులంటే విసుగు పుడుతుందేమోనని భయపడినవారు ఉండవచ్చు గాని, నా ఉద్దేశంలో తరగతుల్లోకెల్లా గట్టి పునాది అక్కడే పడింది. 235 నుంచి 284 వరకు సాగిన మూడో శతాబ్దపు సంక్షోభంలో ఇరవై మందికి పైగా చక్రవర్తులు మారారు; 260లో వాలేరియన్ చక్రవర్తి పర్షియా రాజు షాపూర్ చేతికి బందీగా చిక్కాడు. సైన్యానికి జీతాలివ్వడానికి నాణెంలోని వెండిని తగ్గిస్తూ పోయారు. తొలి చక్రవర్తి ఆగస్టస్ కాలంలో దాదాపు స్వచ్ఛమైన వెండితో కొట్టిన రోమన్ నాణెం 270 నాటికి అయిదు శాతం వెండి కూడా లేని రాగి బిళ్లగా మారింది. అక్కడితోనే సామ్రాజ్యం ముగిసిపోయి ఉండవలసింది. ముగియలేదు. 284లో అధికారానికి వచ్చిన డయొక్లీషియన్ పొలాన్నీ, మనుషులనూ లెక్కగట్టి పన్ను నిర్ణయించే కొత్త పద్ధతి తెచ్చాడు. 301లో ఆయన ధరల మీద పెట్టిన పరిమితి విఫలమైంది గాని, పన్నుల యంత్రాంగం నిలిచింది. తర్వాత కాన్‌స్టంటైన్ ఒక రోమన్ పౌను బంగారానికి 72 చొప్పున సొలిడస్ అనే నాణేన్ని కొట్టించాడు. ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాములు. తూర్పున ఆ నాణెం పదకొండో శతాబ్దం దాకా విలువ నిలుపుకుంది.

ఇక్కడ మాస్టారు నొక్కి చెప్పిన మాట నాకు చాలా విలువైనదిగా తోచింది. నాలుగో శతాబ్దపు రోమ్ చావుకు సిద్ధంగా ఉన్న ముసలి రాజ్యం కాదు. ఉత్తర ఆఫ్రికాలోనూ, సిరియాలోనూ బయటపడిన పల్లెల శిథిలాలు ఆ కాలంలో వ్యవసాయం బాగా సాగిందనే చూపిస్తున్నాయి. కనుక వందేళ్ల తర్వాత జరిగిన పతనాన్ని పాత జబ్బు ముదరడంగా కాక, అయిదో శతాబ్దంలో జరిగిన నష్టాల వరుసగా చూడాలి. అయితే ఈ యంత్రాంగం మనుషుల మీద ఎంత బరువు మోపిందో కూడా ఆయన దాచలేదు. పట్టణ సభల సభ్యులు తమ ప్రాంతపు పన్ను వసూలు కాకపోతే సొంత ఆస్తి నుంచి కట్టవలసి వచ్చేది. కౌలుదారులు పొలం విడిచి పోకూడదని 332లో కాన్‌స్టంటైన్ శాసనం చేశాడు. పారిపోవాలని చూసేవాడికి సంకెళ్లు వేయవచ్చునని ఆ శాసనంలోనే ఉంది. కౌలు రైతులు ఇంతమంది ఉన్న మన ప్రాంతంలో ఈ శాసనం చదివినప్పుడు హాలంతా శ్రద్ధగా విన్నది. దాన్ని ఇంకొంచెం సేపు చర్చించి ఉంటే బాగుండేది.

గోత్‌లు అనే జర్మానిక్ తెగ కథ అందరికీ కొంత తెలిసిందే కనుక దాన్ని ఒకే ఆదివారంలో ముగించారు. హూణుల ఒత్తిడికి తట్టుకోలేక 376లో గోత్‌లు సామ్రాజ్యపు ఉత్తర సరిహద్దైన డాన్యూబ్ నది ఒడ్డుకు వచ్చి ఆశ్రయం కోరారు. వాలెన్స్ చక్రవర్తి అనుమతించాడు. నది దాటివచ్చిన ఆకలిగొన్న జనానికి ఆహారం చేర్చవలసిన రోమన్ అధికారులు లుపిసినస్, మాక్సిమస్ కుక్క మాంసం అమ్మి, ఒక్కో కుక్కకు బదులుగా ఒక్కో మనిషిని బానిసగా తీసుకున్నారని ఆ కాలపు సైనికుడూ చరిత్రకారుడూ అయిన అమ్మియానస్ రాశాడు. తిరుగుబాటు రావడంలో ఆశ్చర్యం లేదు. 378 ఆగస్టు 9న అడ్రియానోపుల్ దగ్గర వాలెన్స్ చనిపోయాడు, ఆయన సైన్యంలో మూడింట రెండు వంతులు నశించింది. 382లో థియోడోసియస్ వారితో ఒప్పందం చేసుకుని సామ్రాజ్యం లోపలే భూములిచ్చాడు. మాస్టారు గోత్‌లను ఒక్కసారి కూడా రాక్షసులుగా చిత్రించలేదు. ఆశ్రయం అడిగినవారిని దోచుకున్న అధికారుల తప్పు ఎంతో, తర్వాత వారే సామ్రాజ్యంలో ఒక సాయుధ బృందంగా మిగిలిపోవడం వల్ల వచ్చిన ప్రమాదం ఎంతో రెండూ పక్కపక్కన పెట్టి చూపారు.

395లో థియోడోసియస్ మరణించాక సామ్రాజ్యం తూర్పు, పడమర అని రెండుగా విడిపోయి, పడమట పదేళ్ల హొనోరియస్ చక్రవర్తి అయ్యాడు. అధికారం సేనాని స్టిలికో చేతిలో నడిచింది. 406 చివరి రోజున వాండల్‌లు, అలన్‌లు, సువెవీలు అనే తెగలు రైన్ నది దాటి గాల్‌లోకి, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలోకి చొరబడ్డాయి. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని రోమన్ సైన్యం తన చక్రవర్తిని తానే ఎన్నుకుని గాల్‌కు తరలివెళ్లింది. 408లో హొనోరియస్ తన సేనానినే చంపించాడు. ఈ భాగం వేగంగా సాగినా గజిబిజి లేదు. పాఠ్యపత్రంలో వేసిన వంశవృక్షం, సేనానుల పట్టిక చాలా ఉపకరించాయి.

410 ఆగస్టు 24న గోత్‌ల రాజు అలారిక్ రోమ్ నగరంలోకి ప్రవేశించి మూడు రోజులు దోచుకున్నాడు. దానికి రెండేళ్ల ముందే, ముట్టడి ఎత్తివేయడానికి అతనికి నగరం చెల్లించిన పరిహారం ఇది: 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4,000 పట్టు వస్త్రాలు, ఎర్రరంగు వేసిన 3,000 తోళ్లు, 3,000 పౌన్ల మిరియాలు. మిరియాలు అనగానే హాలులో అందరూ కదిలారు. మాస్టారు ఆ ఉత్సాహాన్ని వాడుకుంటూనే హద్దు దాటకుండా చూసుకున్నారు. ఆ మిరియాలు మలబారు తీరం నుంచి వెళ్లేవని, మన తీరపు పేరు రోమన్ లోకానికి వేరే కారణాలతో తెలుసునని వివరించారు. రెండో శతాబ్దపు గ్రీకు పండితుడు టాలెమీ రాసిన భూగోళంలో మైసోలియా అనే ప్రాంతం ఉంది. అది మన కృష్ణా, గోదావరి తీరమేనని పండితులు గుర్తించారు. అందులోని కంటకొస్సిల అనే ఊరిని ఘంటసాలగా గుర్తుపట్టారు. ఈ తీరం నుంచే నౌకలు సువర్ణభూమి వైపు బయలుదేరేవని టాలెమీ చెప్పాడు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే బయటపడిన కుండలో ట్రాజన్, హేడ్రియన్ల కాలపు రోమన్ బంగారు నాణేలు ఉన్నాయి. అవన్నీ రోమ్ ఉచ్చస్థితిలో ఉన్న నాటివి, పతనకాలానివి కావు. మన ఊరితో బంధం కలపాలన్న ఆశతో కాలాలను కలిపేయకుండా ఈ మాట స్పష్టంగా చెప్పినందుకు ఆయన మీద నా గౌరవం పెరిగింది.

ఇక అసలు పాఠం ఆఫ్రికాది. అలారిక్ దోపిడీ ప్రపంచాన్ని నివ్వెరపరిచినా, దానివల్ల రాజ్యానికి రావలసిన రాబడి పెద్దగా తగ్గలేదని మాస్టారి వాదన; అప్పటికే రాజధాని కూడా రోమ్ కాదు, 402 నుంచి హొనోరియస్ రవెన్నాలో ఉంటున్నాడు. రాబడికి దెబ్బ తగిలింది 439లో. గైసెరిక్ నాయకత్వంలో వాండల్‌లు 429లో స్పెయిన్ నుంచి ఆఫ్రికాకు దాటారు. పిల్లలు, ముసలివారు, బానిసలతో కలిపి 80,000 మంది అని ఆ శతాబ్దపు ఆఫ్రికా బిషప్ వీటా విక్టర్ రాశాడు. హిప్పో నగరం ముట్టడిలో ఉండగా 430లో అక్కడి బిషప్, సెయింట్ అగస్టీన్ మరణించాడు. 435లో సంధి కుదిరింది. ఆ సంధి అమలులో ఉండగానే 439 అక్టోబర్ 19న గైసెరిక్ హఠాత్తుగా ఆఫ్రికాలోని ప్రధాన నగరం కార్తేజ్‌ను (ఇప్పటి ట్యునీషియాలో ఉంది) పట్టుకున్నాడు. ఆ ఓడరేవు నుంచే రోమ్ నగరపు ఉచిత రొట్టెకు ధాన్యం వెళ్లేది. ఆఫ్రికా నూనె, ఆఫ్రికా ఎర్రమట్టి పళ్లేలు మధ్యధరా తీరమంతా పోయేవి. అంతకన్నా ముఖ్యంగా, పశ్చిమ సామ్రాజ్యంలో యుద్ధం తగలకుండా మిగిలిన ఒకే ఒక సంపన్న ప్రాంతం అది. దాని పన్ను రవెన్నా ఖజానాకు చేరినంతకాలం గాల్‌లో, స్పెయిన్‌లో పోయినదాన్ని మళ్లీ సంపాదించుకోవడానికి సైన్యాన్ని కట్టుకునే వీలుండేది.

దీన్ని వివరించడానికి మాస్టారు మన ధవళేశ్వరం ఆయకట్టును తీసుకున్నారు. హెడ్ స్లూయిస్ దగ్గర నీరు తగ్గితే మొదట ఎండేది శివారు భూములే. కాలువ ఎగువన ఉన్నవారికి ఆ సంగతి చాలా రోజులదాకా తెలియదు. అలాగే ఖజానాలో రాబడి తగ్గినప్పుడు ముందుగా జీతం ఆగింది దూరాన ఉన్న దండులకు. బ్రిటన్, ఉత్తర గాల్, డాన్యూబ్ ఎగువ కోటలు ఎండిపోతుంటే ఇటలీలోని సెనేటర్లు తమ ఎస్టేట్లలో పండుగలు చేసుకుంటూనే ఉన్నారు. పోలిక సరిగ్గా అతికింది. కాలువ శివారున ముమ్మిడివరం వైపు నుంచి వచ్చిన ఒక రైతు లేచి, “అయితే మాస్టారూ, ఆ సిపాయిలకి జీతం ఆగిపోయిందని ఎవరైనా చెప్పారాండీ, లేక ఎదురుచూస్తా ఉండిపోయారాండీ?” అని అడిగాడు. తరగతులన్నిటిలోనూ అంత మంచి ప్రశ్న మరొకటి రాలేదు.

మాస్టారు దానికి వెంటనే జవాబు చెప్పకుండా ముందు శాసనాలు చూపారు. 444, 445 సంవత్సరాల్లో మూడో వాలెంటీనియన్ పేరున వెలువడిన శాసనాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. కొత్తగా చేర్చుకున్న సైనికులకే కాదు, పాతవారికి కూడా తిండీ బట్టా ఇవ్వడానికి వచ్చే రాబడి చాలడం లేదని చక్రవర్తి వాటిలో ఒప్పుకున్నాడు. అందుకోసం అమ్మకాల మీద ఇరవై నాలుగో వంతు కొత్త పన్ను వేశాడు. సగం కొన్నవాడు, సగం అమ్మినవాడు కట్టాలి. 442 సంధిలో వాండల్‌లు తిరిగి ఇచ్చిన నుమీడియా, మారిటేనియా ప్రాంతాలు ఎంతగా పాడైపోయాయంటే, 445లో వాటి పన్నును పాత పన్నులో ఎనిమిదో వంతుకు తగ్గించవలసి వచ్చింది. రాజ్యం కూలిపోతున్నప్పుడు దాని పాలకులే స్వయంగా రాసిపెట్టిన లెక్కలివి. ఈ శాసనాల తెలుగు అనువాదాన్ని పాఠ్యపత్రంలో పూర్తిగా ఇచ్చారు. చరిత్ర చెప్పే చాలామంది తమ అభిప్రాయం చెప్పి ఊరుకుంటారు. ఇక్కడ ఆధారం చేతికిచ్చి చదవమన్నారు. ఆరు వందల రూపాయలూ ఈ ఒక్క పత్రానికే ఇవ్వవచ్చు.

ఆ తర్వాత సైనికుల ప్రశ్నకు జవాబు వచ్చింది. డాన్యూబ్ తీరాన, ఇప్పటి జర్మనీ సరిహద్దులో, బటావిస్ అనే కోట ఉండేది. ఇప్పుడా ఊరి పేరు పాసావు. సెవెరినస్ అనే సాధువు జీవితాన్ని ఆయన శిష్యుడు యూజిప్పియస్ 511 ప్రాంతంలో రాశాడు. రోమన్ అధికారం ఉన్నంతకాలం చాలా పట్టణాల సైనికులకు ప్రజాధనంతో జీతాలు అందేవని, ఆ ఏర్పాటు ఆగిపోయాక దండులు విడిపోయాయని, సరిహద్దు కూడా వాటితోనే పోయిందని అందులో ఉంది. బటావిస్ దండు మాత్రం ఇంకా నిలిచి ఉంది. వారిలో కొందరు తోటివారికి చివరి జీతం తీసుకురావడానికి ఇటలీకి బయలుదేరారు. దారిలో వారిని చంపేశారు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్లకు నది వారి శవాలను ఒడ్డుకు చేర్చింది. మాస్టారు ఈ భాగాన్ని వ్యాఖ్యానం లేకుండా చదివి కూర్చున్నారు. తర్వాత ఆ రైతే మళ్లీ లేచి, “ఎదురుచూశారన్నమాట” అన్నాడు. ఆఫ్రికాలో పోయిన ఒక ఓడరేవుకూ, డాన్యూబ్ ఒడ్డున జీతం కోసం ఎదురుచూస్తున్న కొద్దిమంది సిపాయిలకూ మధ్య ఉన్న తీగను ఒకే మధ్యాహ్నంలో ఇంత స్పష్టంగా చూపించిన బోధన నేను చూడలేదు.

ఆఫ్రికాను తిరిగి తీసుకోవడానికి జరిగిన రెండు పెద్ద ప్రయత్నాలను కూడా ఆయన ఇదే దారిలో చెప్పారు. మజోరియన్ చక్రవర్తి స్పెయిన్‌లో కట్టించిన నౌకాదళం 460లో కార్టజీనా సమీపంలో శత్రువు చేతిలో నాశనమైంది; మరుసటి ఏడాది సేనాని రిసిమర్ ఆయనను చంపించాడు. 468లో తూర్పు, పడమర కలిసి పంపిన మహా నౌకాదళం బసిలిస్కస్ ఆధిపత్యంలో కార్తేజ్ దగ్గరిదాకా వెళ్లి, గైసెరిక్ వదిలిన మంటల ఓడలకు ఆహుతైంది. దాని ఖర్చు 1,30,000 పౌన్ల బంగారమని ఆరో శతాబ్దపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. పౌనుకు 72 చొప్పున లెక్క వేస్తే అది 93 లక్షల 60 వేల సొలిడస్‌లు, మన కొలతలో 42 టన్నుల పైమాటే. ఆ లెక్కను విద్యార్థుల చేతే వేయించారు. ఆ ఓటమి తర్వాత పశ్చిమానికి ఖర్చు పెట్టడానికి ఏమీ మిగలలేదన్న సంగతి ఎవరూ విడిగా చెప్పనవసరం లేకపోయింది.

హూణుల రాజు అట్టిలా, అతనితో 451లో గాల్‌లో జరిగిన కాటలానియన్ మైదాన యుద్ధం, 454లో సేనాని ఏటియస్‌ను వాలెంటీనియన్ చంపడం, 455లో వాలెంటీనియన్ హత్య, అదే ఏడాది వాండల్‌లు పద్నాలుగు రోజులు రోమ్‌ను దోచుకోవడం వంటివి ఒక పట్టికలో ఇచ్చి వదిలారు. అట్టిలా కథ వినాలని వచ్చిన కుర్రాళ్లకు అది నిరాశ కలిగించింది. నాకైతే ఆ నిర్ణయం సరైనదే అనిపించింది.

476 సంవత్సరానికి కూడా అంతే కొద్ది సమయం ఇచ్చారు. రోమన్ సైన్యంలోనే పనిచేస్తున్న ఆటవిక తెగల సేనాని ఓడొవాకర్ సైనికులు ఇటలీలో భూములడిగారు. అధికారం చలాయిస్తున్న ఒరెస్టిస్ నిరాకరించాడు. ఆగస్టు 28న అతన్ని చంపి, సెప్టెంబర్ 4న అతని కొడుకు, పసివాడైన రోములస్ ఆగస్టులస్‌ను గద్దె దింపారు. ఆ పిల్లవాడిని చంపలేదు. ఏడాదికి 6,000 సొలిడస్‌ల భత్యం ఇచ్చి కంపానియాకు పంపారు. రాజచిహ్నాలు తూర్పు రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లోని జీనో చక్రవర్తికి చేరాయి. చట్టప్రకారం చక్రవర్తిగా తూర్పు గుర్తించిన జూలియస్ నెపోస్ 480 వరకు డాల్మేషియాలో బతికే ఉన్నాడు. సెనేట్ సమావేశాలు సాగాయి. సైనికులు ఈసారి జీతం బదులు భూమినే అడిగారన్న ఒక్క మాటను మాత్రం మాస్టారు రెండుసార్లు చెప్పారు, ఎందుకంటే ఆయన కథ అక్కడ పూర్తవుతుంది. పన్ను వసూలు చేసి సైన్యానికి జీతమిచ్చే రాజ్యం పోయి, భూమి పంచుకుని దాని మీద బతికే సైన్యం వచ్చింది.

ఇక లోపాలు. మొదటిది, తూర్పు. కాన్‌స్టాంటినోపుల్ 1453 వరకు నిలిచిన సంగతి చివరి తరగతిలో పది నిమిషాల్లో తేలిపోయింది. ఇది చిన్న లోపం కాదు. 408లో తూర్పున కూడా ఏడేళ్ల రెండో థియోడోసియస్ సింహాసనం ఎక్కాడు. అక్కడా గోత్ సేనానులు ఉన్నారు, హూణులు బాల్కన్ ప్రాంతాన్ని తొక్కేశారు. అయినా అది నిలిచింది. ఈజిప్టు, సిరియా, ఆసియా మైనర్ల రాబడి హూణులకు అందనంత దూరంలో ఉండటం, 413 ప్రాంతంలో కట్టిన గోడలు రాజధానిని కాపాడటం, అయిదో శతాబ్దంలో పర్షియాతో ఎక్కువ కాలం శాంతి ఉండటం దానికి ముఖ్య కారణాలు. మాస్టారి వాదనకు ఇంతకన్నా మంచి నిరూపణ లేదు. బాలచక్రవర్తులు, దురాశాపరులైన సేనానులు రెండు వైపులా ఉన్నప్పుడు, రాబడి నిలిచిన వైపే రాజ్యం నిలిచిందని చూపడానికి ఈ పోలికే కావలసింది. దాన్ని వాడుకోకపోవడం నాకు బాధ కలిగించింది.

రెండోది, రోగాలు. 165లో మొదలైన ఆంటొనైన్ మహమ్మారి, మూడో శతాబ్దం నడుమ వచ్చిన సిప్రియన్ మహమ్మారి జనసంఖ్య మీద, తద్వారా పన్నుల మీద చూపిన ప్రభావాన్ని పన్నుల పాఠంలోనే కలిపి చెప్పవలసింది. ప్రశ్నల సమయంలో ఎవరో అడిగితే క్లుప్తంగా జవాబిచ్చి వదిలారు. మూడోది, మామూలు మనుషులు. పన్ను భారం భరించలేక రోమన్లే గోత్‌ల పాలనలోకి పారిపోతున్నారని 440ల నాటి గాల్ మతగురువు సాల్వియన్ రాశాడు. సైన్యాన్ని నిలిపిన పన్నే జనాన్ని రాజ్యానికి దూరం చేసిందన్న ఈ చిక్కుముడిని ఒక ఆదివారమైనా విప్పి చూపాలి.

పటం గురించి నిర్వాహకులు వెంటనే చర్య తీసుకోవాలి. అందులో రవెన్నా ఇటలీ పడమటి తీరాన పడింది. అది తూర్పున, ఏడ్రియాటిక్ సముద్రం వైపు, పో నది డెల్టాకు దిగువన ఉన్న చిత్తడి నేలల్లో ఉండాలి. ఆ చిత్తడి నేలల రక్షణ కోసమే హొనోరియస్ అక్కడికి మారాడు కనుక ఇది ఊరికే అచ్చుతప్పు అని వదిలేయదగింది కాదు. కార్తేజ్‌ను 429 నుంచే వాండల్ రంగుతో నింపారు. మాస్టారి పాఠమంతా 439 మీద నిలబడి ఉండగా ఆయన పటమే ఆయనను కాదంటోంది. పేర్ల రాతలో కూడా పాఠ్యపత్రానికీ పటానికీ పొంతన లేదు. ఒకచోట గైసెరిక్, మరోచోట జెన్సెరిక్. మొదటిసారి చదివేవారు వారిద్దరూ వేరే మనుషులనుకునే ప్రమాదం ఉంది.

హాలు మేడమీద ఉంది, మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవయసువారికి కష్టం. మధ్యాహ్నం ఎండ నేరుగా తెర మీద పడటం వల్ల నాణేల బొమ్మలు సగం కనబడలేదు. మాసూళ్ల సమయంలో రైతులు కొన్ని ఆదివారాలు రాలేకపోయారు. వారికోసం ఆ పాఠాలను రికార్డు చేసి ఇస్తామన్నారు గాని, నేను ఇది రాసేనాటికి ఇవ్వలేదు. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న పిల్లలు బిట్లు కావాలని పట్టుబట్టి ప్రశ్నల సమయంలో సగాన్ని తీసుకోవడం కూడా జరిగింది. వారికి వేరే అరగంట కేటాయిస్తే అందరికీ మేలు.

మరో సూచన. రోమ్‌లో ఇదంతా జరుగుతున్న కాలంలోనే మన పక్కనే వేంగిలో శాలంకాయనులు, తర్వాత విష్ణుకుండినులు ఏలుతున్నారు. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభశాసనంలో వేంగి రాజు హస్తివర్మ పేరుంది. ఆయన నాలుగో శతాబ్దం నాటివాడు, అంటే కాన్‌స్టంటైన్ తర్వాతి తరం. ఆ రాజులు బ్రాహ్మణులకు భూములిచ్చిన రాగిశాసనాలు దొరికాయి. భూమి రాబడి ఎవరికి చేరేదో, పన్ను మినహాయింపులు ఎలా ఉండేవో వాటి నుంచి కొంత తెలుస్తుంది. మాస్టారి ప్రశ్ననే ఆ శాసనాలకు వేసి ఒక పాఠం చేరిస్తే, ఇక్కడి శ్రోతలు రెండు చోట్ల ఆధారాలను ఒకేసారి చదవడం నేర్చుకుంటారు.

వచ్చే ఏడాది ఇవే పాఠాలను రాజమహేంద్రవరంలో కూడా నడపాలని నిర్వాహకులు అనుకుంటున్నారు. చరిత్ర ఉపాధ్యాయులు తప్పక వెళ్లాలి. కథలూ యుద్ధాలూ మాత్రమే వినాలనుకునేవారు ఈ తరగతులతో తృప్తి పడకపోవచ్చు. ఇంటర్ పిల్లలను తీసుకెళ్లేవారు పన్నుల పాఠాలు మానేయకుండా మొదటి నుంచే తీసుకెళ్లండి, అవి లేకపోతే తర్వాతివి అర్థం కావు. అన్ని ఆదివారాలూ వీలుకానివారు కనీసం కార్తేజ్ పాఠం ఏ తేదీన ఉందో ముందే కనుక్కుని, 444, 445 నాటి శాసనాలున్న పత్రాన్ని ఇంట్లో ఒకసారి చదువుకుని వెళ్లండి. అడగవలసిన ప్రశ్నలు ఆ పత్రంలోనే దొరుకుతాయి.